ఎర్ర గడిలో వాషర్లమ్మ

స్టోరు గోడకి ఆ కంప్యూటరు తెర బిగిస్తున్నప్పుడు స్టోర్ కీపరుకి ముందు ఒళ్ళు మండింది గోడకి పెట్టిన చిల్లులు చూసి. ఒక్క క్యాలెండరు తగిలించుకుంటానంటే గోడ పాడవుతుందని ఇన్నేళ్ళూ ఒప్పుకోని కంపెనీ, ఇవాళ తలుపంత తెర కోసం నాలుగు మూలలా డ్రిల్లు పెట్టించింది. ఇటుక పొడి ఆయన బల్ల మీదా, రిజిస్టర్ల మీదా, భోజనం డబ్బా మూత మీదా పడింది. ఎవర్నీ ఏమీ అనలేక పాత గుడ్డ తీసుకుని తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అది నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీ. పరాయి దేశం వాళ్ళు పెద్ద ఆర్డరు ఇస్తామన్నారు. ఇస్తూ ఇస్తూ ఒక మెలిక పెట్టారు. ఏ పంపులో ఏ ముక్క ఎవరి దగ్గర్నుంచి, ఏ వేళకి వచ్చిందో వాళ్ళు కూర్చున్న చోట్నుంచే చూడగలగాలట. దాంతో కంపెనీలోకి కొత్త పద్ధతి వచ్చింది. పద్ధతితోపాటు దాన్ని నడిపించడానికి ఒక అమ్మాయీ వచ్చింది. సరుకు పంపే ప్రతివాళ్ళకీ ఆ అమ్మాయి ఒక రంగు కేటాయించింది. వేళకి తెచ్చేవాళ్ళకి ఆకుపచ్చ, అప్పుడప్పుడూ తప్పేవాళ్ళకి పసుపు, ఎప్పుడూ ఆలస్యం చేసేవాళ్ళకి ఎరుపు. వచ్చిన రెండో రోజుకే హమాలీలు ఆమెకి రంగులమ్మాయి అని పేరు పెట్టేశారు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె ఏమీ అనుకోలేదు. ఒకసారి స్టోరుకి ఫోన్ చేసి "నేనే, రంగులమ్మాయిని" అంది. ఆ తర్వాత హమాలీలకే సిగ్గేసింది.

తెర వెలిగింది. సరుకులిచ్చేవాళ్ళ పేర్లన్నీ గళ్ళుగళ్ళుగా వచ్చాయి. స్టోర్ కీపరు కుర్చీ వెనక్కి జరుపుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. అన్నిటికన్నా పైన, పచ్చగా, పంపు బాడీలు పోతపోసి పంపే ఫౌండ్రీ. ఆయనకి నవ్వొచ్చింది. తనకి బుద్ధి పుట్టినప్పుడు వచ్చే లారీ అది. దాని కింద బేరింగుల ఏజెంటు, ఆయనా పచ్చే. అట్టపెట్టెలవాళ్ళు పసుపు. కిందికి, కిందికి వచ్చి చిట్టచివర ఒకే ఒక్క ఎర్ర గడి దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. రబ్బరు వాషర్లు.

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. గడి ఎర్రగానే ఉంది.

వాషర్లమ్మంటే ఒక రేకుల షెడ్డులో ప్రెస్సు పెట్టుకుని, పంపు కీళ్ళలో నీరు కారకుండా వేసే రబ్బరు వాషర్లు చేసి ఇచ్చే ఆవిడ. మొదట్లో ఆవిడ భర్త తెచ్చి ఇచ్చేవాడు. ఆయన పోయాక ఈవిడే తెస్తోంది. చుట్టరికమేమీ లేదు గాని స్టోర్ కీపరుని అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లమ్మా అంటాడు. వాషరు పట్టుకుని వంచి చూస్తే చాలు, అది ఆవిడ చేసిందో కాదో ఆయన చెప్పేస్తాడు. ఆ వాషరు మీద ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు. అలాంటి మనిషి ఎర్ర గడిలో ఉండడం ఆయనకి మింగుడు పడలేదు.

"మేస్త్రీ," అని హమాలీల పెద్దని పిలిచాడు. "మన వాషర్లమ్మ ఎప్పుడైనా లేటుగా వచ్చిందా?"

"ఆవిడా?" మేస్త్రి తలగుడ్డ విప్పి దులిపాడు. "మనకన్నా ముందే వస్తుంది కద సార్. ఈమధ్య మరీను. నేను వచ్చేసరికి గేటు బయట వ్యాన్లో కూర్చుని కునుకు తీస్తూంటుంది."

"విన్నావుగా," అన్నాడాయన తెర వైపు చూసి, అదేదో ఎదురుగా నిలబడ్డ మనిషైనట్టు. తర్వాత మెట్లెక్కి పైన అద్దాల గదిలోకి వెళ్ళాడు.

రంగులమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని జామకాయ తింటోంది. ఆయన్ని చూసి లేచి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"ఏమ్మా, మీ మెషినుకి కళ్ళున్నాయా?"

"ఏమైంది సార్?"

"అందరికన్నా ముందొచ్చే మనిషిని అందరికన్నా వెనకేసింది. ఇంకేమవ్వాలి?"

ఆమె జామకాయ కాగితం మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని, వాషర్ల గడి తెరిచి చూసింది. "ఆవిడకిచ్చిన వేళ తొమ్మిది సార్. సరుకు స్కాన్ అయింది ఒంటిగంట దాటాక. అంతకుముందు వారం రెండింటికి. నెలంతా ఇలాగే ఉంది."

"అది దించిన వేళ. ఆవిడ వచ్చింది తెల్లారకుండానే. రావడానికీ దించడానికీ తేడా లేదా?"

"ఉంది. కాని నాకు కనబడదు. కిందివాళ్ళు మొదటి ముక్క దించి స్కానరు చూపించినప్పుడే సరుకు వచ్చినట్టు లెక్క."

"అయితే గేటు దగ్గరో స్కానరు పెట్టి ఏడవచ్చు కదా."

"పెడతామని మొదట్లోనే అడిగాను సార్. వద్దన్నారు."

"ఏ పెద్దమనిషి వద్దన్నది?"

"మీరే," అందామె, వేళాకోళమేమీ లేకుండా. "వాచ్‌మన్ నెత్తిన ఆ పని కూడా ఎందుకు, మా సరుకు సంగతి మేం చూసుకుంటాం అన్నారు."

స్టోర్ కీపరుకి ఆ మాట అన్నట్టు బాగానే జ్ఞాపకం వచ్చింది. అన్నప్పుడు తనని తాను మెచ్చుకున్నట్టు కూడా జ్ఞాపకం వచ్చింది. అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాడు కాస్త తగ్గి.

"శుక్రవారం మేనేజరు గారి దగ్గర మీటింగ్ ఉంది. ఎరుపులో ఉన్నవాళ్ళని తీసేసి కొత్తవాళ్ళని పెడదామంటున్నారు. వాషర్లకి రెండు కొటేషన్లు వచ్చాయి కూడా."

"ఆవిడ బతికేదే మన ఆర్డరు మీదమ్మా. ఇది పోతే ఆ షెడ్డు మూసుకోవాలి."

అమ్మాయి తేదీ చూసుకుంది. "రేపు ఆవిడ సరుకు తెచ్చే రోజే. పొద్దున్నే గేటు దగ్గర స్కానరు పెట్టిద్దాం. ఎప్పుడొచ్చిందీ, ఎప్పుడు దించిందీ రెండూ పడతాయి. అప్పుడు నేనే చూపిస్తాను మీటింగ్‌లో."

ఆయన మెట్లు దిగుతూంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. రేపు ఈ మెషిను బండారం బయటపడుతుంది. చెల్లమ్మకి తెలియకుండానే చెల్లమ్మ గండం గట్టెక్కించేస్తాడు. మంచి పని చేయబోతున్నవాడికి ఉండే హుషారు ఆయనకి సాయంత్రం ఇల్లు చేరేదాకా ఉంది.

ఇంట్లో ఆయన భార్య ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మడతపెడుతోంది. ఆయన కథంతా చెప్పాడు, అక్కడక్కడ తన మాటలకి కాస్త పదును పెట్టుకుని. ఆవిడ దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది.

"ఆవిడకి చెప్పారా?"

"ఎందుకు, లేనిపోని భయం? అంతా సర్దేశాక చెబుదాం."

"ఆవిడ సంగతి ఆవిడకి చెప్పడానికి భయమెందుకండీ? బయటివాళ్ళయితే ఈపాటికి ఫోన్ చేసి చెప్పి ఉండేవారు మీరు."

"బయటివాళ్ళ సంగతి వేరు," అన్నాడాయన దుప్పటి కొసలు కలుపుతూ.  ఆయన మడత వంకరగా పెట్టాడని ఆవిడ మళ్ళీ విప్పి సరిచేసింది.

మర్నాడు ఆయన వచ్చేసరికి వాచ్‌మన్ గేటు దగ్గర కొత్త స్కానరు పట్టుకుని ఉన్నాడు. కనబడ్డ ప్రతి కాగితం మీదికీ దాన్ని ఎక్కుపెడుతున్నాడు. వాషర్లమ్మ వ్యాను అప్పటికే లోపల, గోడవారగా ఆగి ఉంది. ఆవిడ దిగి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. నలభై దాటిన మనిషి. వేళ్ళ కొసలన్నీ రబ్బరు మసికి నల్లబడి ఉంటాయి, ఎంత తోమినా పోవు.

"వచ్చావా చెల్లమ్మా. రా, కూర్చో. ఇదుగో ఇప్పుడే దించేద్దాం," అన్నాడు స్టోర్ కీపరు.

ఇప్పుడే దించేద్దామన్న మాట నిజంగానే అన్నాడు. అలా అనకుండా ఆయన ఏ రోజూ ఆవిణ్ణి కూర్చోబెట్టలేదు. అంతలో ఫౌండ్రీ లారీ గేటు దగ్గర బారున హారన్ కొట్టింది. దాని డ్రైవరు ముక్కోపి. పావుగంట ఆగమంటే బండి వెనక్కి తిప్పుకుపోతాడు. పోతే లైను ఆగిపోతుంది. అందుకని హమాలీలంతా అటు వెళ్ళారు. బరువైన పోత ముక్కలు ఒక్కొక్కటీ గొలుసు కట్టి దించాలి. గొలుసు కిర్రుమంటోంది, మేస్త్రి కేకలేస్తున్నాడు, స్టోర్ కీపరు ఒక్కో ముక్క మీదా సుద్దతో గీతపెడుతున్నాడు.

సరుకు దించడంలో ఆయనకొక సూత్రముంది. ఎక్కడా రాసిలేదు గాని స్టోరులో అందరికీ తెలుసు. అలిగేవాళ్ళది ముందు. ఎవరు అలుగుతారు, ఎంతసేపట్లో అలుగుతారు, అలిగితే ఏం చేస్తారు, ఇదంతా ఆయనకి కొట్టిన పిండి. సరుకు దొరకడమే గొప్పగా ఉన్న రోజుల్లో ఆ తెలివితోనే ఆయన కంపెనీని నడిపించాడు. ఫౌండ్రీ లారీ అయ్యాక అట్టపెట్టెలవాడు వచ్చాడు. వాడి పెట్టెలకి తడి తగలకూడదు, మబ్బు పట్టి ఉంది. అది అవుతూండగా బేరింగుల ఏజెంటు ఇస్త్రీ చొక్కాతో కారు దిగాడు. ఆయన్ని ఆపితే అవతలి కంపెనీకి వెళ్ళి కూర్చుంటాడు.

ఇంతసేపూ వాషర్లమ్మ ఊరికే కూర్చోలేదు. బల్ల పక్కన అరల్లో రెండు సైజుల వాషర్లు కలిసిపోయి ఉంటే ట్రే కిందికి దింపుకుని విడదీసింది. ఒక్కోటీ బొటనవేలితో నొక్కి, వాసన చూసి, చిన్నవి ఇటూ పెద్దవి అటూ వేసింది. పగిలినట్టున్న నాలుగు పక్కన పెట్టింది, అవి ఎవరో నమూనాకి ఇచ్చినవి, ఆవిడవి కావు. హమాలీ ఒకడు అరచెయ్యి గీరుకుని వస్తే తన సంచిలోంచి పసుపు తీసి అద్దింది. స్టోరులో ఎవరికీ ఆవిడ బయటి మనిషన్న ధ్యాసే ఉండదు.

"అన్నయ్యా," అంది ఒకసారి, ఆయన సుద్ద కోసం బల్ల దగ్గరికి వచ్చినప్పుడు. "ఇవాళ కాస్త తొందరగా వెళ్ళాలి."

"అయిపోయిందమ్మా. ఇదొక్కటీ అవ్వగానే."

ఆవిడ తల ఊపింది. మళ్ళీ అంది, "నా పనిలో ఏమైనా తప్పుంటే చెప్పండి అన్నయ్యా. నేనేమీ అనుకోను."

"నీ పనిలో తప్పేంటమ్మా?" అని నవ్వాడాయన. ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, మళ్ళీ ట్రే మీదికి వంగింది. తన రహస్య సహాయం సంగతి నోటిదాకా వచ్చి ఆయన ఆపుకున్నాడు. ఆపుకోవడం కూడా బాగానే ఉంది.

భోజనాల బెల్లు మోగింది. హమాలీలు తిని, బీడీలు కాల్చుకుని వచ్చాక ఆవిడ పెట్టెలు దించారు. తేలికైన పెట్టెలు. ఇద్దరు మనుషులకి పట్టుమని పదినిమిషాల పని. స్కానరు కుయ్యిమంది. ఆవిడ డ్రైవరుని లేపి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్న రంగులమ్మాయే పలక లాంటి కంప్యూటరు చంకలో పెట్టుకుని స్టోరుకి దిగివచ్చింది. స్టోర్ కీపరు లేచి తన కుర్చీ ఇచ్చి, తను పెట్టె మీద కూర్చున్నాడు.

"మీరన్నదే నిజం సార్. ఆవిడ ఆరున్నరకే వచ్చింది."

"చెప్పానా," అన్నాడాయన మేస్త్రికి కూడా వినబడేట్టు.

"ఇది చూడండి." ఆమె తెర మీద వేలు పెట్టింది. నిన్న వచ్చిన ఒక్కో బండికీ ఒక్కో పట్టీ ఉంది. గేటులోకి వచ్చినప్పుడు మొదలై, దించడం మొదలుపెట్టగానే ముగిసేది. ఫౌండ్రీ లారీది గోరంత. అట్టపెట్టెలవాళ్ళది వేలంత. బేరింగులది ఉందా అంటే ఉంది. వాషర్లమ్మది తెర ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరుచుకుని ఉంది.

స్టోర్ కీపరు ముందుకి వంగాడు.

"ఈవిడ తర్వాత వచ్చినవాళ్ళందరూ ఈవిడకన్నా ముందు దించుకుని వెళ్ళారు. ఎందుకు సార్?" ఆ ప్రశ్నలో నిలదీయడం లేదు. నిజంగా తెలియకే అడిగింది.

"వాళ్ళు ఆగరమ్మా. ఆపితే గొడవ."

"ఈవిడ ఆగుతుందా?"

"ఆగుతుంది. మన మనిషే కదా."

ఆ అమ్మాయి తల ఊపి, ఇంకో చోట నొక్కింది. చిన్న జాబితా ఒకటి విచ్చుకుంది. "ఆలస్యానికి కారణం ఒకటి ఎంచుకోవాలి సార్. లేకపోతే ఇది ముందుకి పోదు. చదవనా? మనుషులు చాలలేదు. గొలుసు పాడైంది. కాగితాలు సరిగా లేవు. వాన. చోటు లేదు." చదివి ఆగింది. "ఇందులో ఏది పెట్టమంటారు?"

స్టోర్ కీపరు ఆ జాబితా తనే చదువుకున్నాడు. మనుషులు ఉన్నారు. గొలుసు బాగుంది. వాన పడనే లేదు. మన మనిషే కదా అన్న కారణం అందులో లేదు. అలాంటిదొకటి ఉంటుందని ఆ జాబితా రాసినవాడికి తోచి ఉండదు. ఆయనకి మొట్టమొదట ఆ రాసినవాడి మీద కోపం వచ్చింది. కాసేపటికి అదీ నిలవలేదు. ఆవిణ్ణి ఆలస్యం మనిషిని చేసింది మెషిను కాదు, తను. పిలిచి కూర్చోబెట్టి, ఇదుగో ఇప్పుడే అంటూ, ప్రేమగా చేశాడు. తల కొట్టేసినట్టయింది.

"మనుషులు చాలలేదని పెట్టేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు సార్," అని మేస్త్రి వెనకనుంచి మెల్లిగా అందించాడు. "ఆవిడ గడి పచ్చగైపోద్ది. మన మీదా ఏం రాదు."

అమ్మాయి ఆ మాట విననట్టు కిటికీ వైపు చూసింది. స్టోర్ కీపరు చాలాసేపు చెయ్యి మోకాలి మీదే ఉంచుకున్నాడు.

"ఖాళీగా ఉంచండమ్మా," అన్నాడు చివరికి. "శుక్రవారం నేనే చెబుతాను."

మీటింగ్ గదిలో మేనేజరు గోడమీది పట్టీలు చూసి, వాషర్లమ్మని ఎందుకు ఆపావని అడిగి, మన మనిషే కదండి అన్న జవాబుకి పగలబడి నవ్వాడు. ఆయన స్వతహాగా నవ్వే మనిషే. "అంటే ఏమయ్యా, మనవాళ్ళయితే ఎండలో నిలబెడతావన్నమాట. నేను నీకు పరాయివాణ్ణవడమే నయం."

"అంతేనండి," అన్నాడు స్టోర్ కీపరు. మేనేజరు నవ్వు ఆపేశాడు. "ఆవిడ ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదండి. ఆలస్యం నాది. మిగతావాళ్ళు అరుస్తారని ముందు వాళ్ళవి దించాను. ఈవిడ అరవదని చివర దించాను. ఎన్నేళ్ళుగానో ఇంతే. తెర మీద ఇప్పుడు పడింది గనక తెలిసింది, లేకపోతే నాకూ తెలిసేది కాదు. ఆవిణ్ణి తీసెయ్యకండి. ఎర్ర రంగు వెయ్యాలంటే స్టోరుకి వెయ్యండి."

ఇంత పొడుగు మాట ఆయన ఆ గదిలో ఎన్నడూ మాట్లాడలేదు. మేనేజరు బల్ల మీద పెన్ను దొర్లించాడు. వాషర్లు తీసుకునేచోట ఎవరైనా ఫిర్యాదు చేశారా అని రంగులమ్మాయిని అడిగాడు. లేదంది. "అయితే ఉంచండి," అన్నాడు. "స్టోరుకి గడి లేదుగా?" అన్నాడు మళ్ళీ. "పెడతాను సార్," అందామె. సోమవారానికల్లా స్టోరు గోడమీద, ఫౌండ్రీ కన్నా పైన, స్టోరు అనే కొత్త గడి రాబోతోంది. ఎర్రగా. స్టోర్ కీపరుకి అది పెద్దగా బాధనిపించలేదు. దెబ్బ తగిలిన చోట కట్టు కట్టినట్టే అనిపించింది.

సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా వాషర్లమ్మ షెడ్డుకి వెళ్ళాడు. ఎప్పుడో ఆవిడ భర్త పోయినప్పుడు వచ్చాడు ఆ షెడ్డుకి, మళ్ళీ ఇప్పుడే. లోపల కాలిన రబ్బరు వాసన ముక్కులో గుచ్చుకుంది. ప్రెస్సు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. వాషర్లమ్మ తక్కెడ ముందు కూర్చుని నల్లటి ముద్దలోకి తెల్లటి పొడి తూచి వేస్తోంది. ఆయన్ని చూసి గబుక్కున లేవబోయింది.

"లేవకమ్మా. పని చూసుకో."

"ఒక్క అచ్చు దించేస్తాను అన్నయ్యా. మధ్యలో వదిలితే పెంకులా అయిపోతుంది."

ప్రెస్సు విప్పింది. అచ్చులోంచి వాషర్ల పలక ఆవిరి కక్కుతూ బయటికి వచ్చింది. ఆడవాళ్ళు కత్తెర్లతో అంచులు తీస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయనేనా అన్నయ్య గారు?" అంది. "మీ కంపెనీకి వెళ్ళిన రోజు మాకు సగం రోజు సెలవండి. పాళ్ళు కలపడం ఈవిడకే తెలుసు. ఈవిడొచ్చేదాకా ప్రెస్సు చల్లగా పడి ఉంటుంది." ఆమె మామూలుగానే చెప్పింది. వాషర్లమ్మ మాత్రం ఊరుకోమన్నట్టు ఆమె వైపు చూసింది.

తాను తెచ్చిన శుభవార్త చెప్పడానికి స్టోర్ కీపరుకి మొదలెక్కడో తెలియలేదు. "మా దగ్గర కొత్త మెషినొకటి పెట్టారు చెల్లమ్మా. నీకు ఎర్ర రంగు..."

"తెలుసన్నయ్యా."

"తెలుసా?"

ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుని, అలమార మీంచి ఫోను తీసి ఇచ్చింది. సరుకు దించిన ప్రతిసారీ కంపెనీనుంచి ఒక మెసేజ్ వచ్చి ఉంది. మీ సరుకు ఆలస్యంగా అందినది. దాని కింద ఇంకోటి. ఇంకోటి. చివరిదాంట్లో, మీరు ఎరుపులో ఉన్నారు, మీ సరఫరా రద్దు కావచ్చును అని ఉంది. మెషిను దానంతట అదే పంపించే మెసేజులు. అవి వెళుతున్నాయని స్టోరులో ఎవరికీ తెలియదు.

"ఇన్ని వస్తే నాకొక్క మాట చెప్పలేదేమ్మా?"

"మీరే రాయించారనుకున్నాను."

స్టోర్ కీపరు ఫోను ఆవిడ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"సరుకు దించుకునేది మీరే కదా అన్నయ్యా. ఆలస్యమని మీకనిపించే రాయించారనుకున్నాను. ఊరికే రాయించరు గదా, నాదే ఏదో తప్పుంటుందనుకున్నాను. అందుకని ఎనిమిదింటికి వచ్చేదాన్ని ఏడింటికి వచ్చాను. అయినా వచ్చింది మెసేజ్. ఆరున్నరకి వచ్చాను. మొన్నయితే వ్యానువాడు తిట్టాడు, రాత్రే బయల్దేరదామా అని." ఆవిడ చిన్నగా నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నేను ఎంత ముందొచ్చినా ఆలస్యమనే రాస్తూంటే ఎలాగో అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాను. మిమ్మల్ని అడగడం బాగుండదనిపించింది."

ఆయన చెప్పాడు. అలిగేవాళ్ళ సూత్రం, పట్టీలు, మన మనిషన్న మాట, మీటింగు, ఏదీ దాచుకోలేదు. ఆవిడ తక్కెడ పళ్ళెంలో మిగిలిన పొడిని వేలితో ఒక పక్కకి చేరుస్తూ వింది.  ఆడవాళ్ళ కత్తెర్లు ఆగాయి.

"కోపం రాలేదా నీకు?" అన్నాడాయన.

"వచ్చిందన్నయ్యా. ఎందుకు రాదు? ఇప్పుడు కాదు, అక్కడ కూర్చున్నప్పుడే వచ్చేది. ఆ బేరింగులాయన నా ముందునుంచి లోపలికి వెళుతూంటే వచ్చేది. మీ మీద కోపం తెచ్చుకోవడం చేతకాక నా మీదే తెచ్చుకునేదాన్ని." పళ్ళెం ఎత్తి పెట్టింది. "మీరు నన్ను సొంత మనిషిలా చూసుకుంటారని అందరికీ చెప్పుకుంటాను నేను. అది అబద్ధం కాదు. కాని సొంత మనిషిగా ఉండడం నా వల్ల కావడం లేదన్నయ్యా. మంగళవారం వస్తే నన్ను బయటి మనిషిలాగే చూడండి. నాకిచ్చిన వేళకి వస్తాను. ఆ వేళకే దించండి."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆయనకి మరింత గుచ్చుకుంది. సరేనన్నట్టు తల ఊపి లేచాడు. ఆవిడ వాకిలిదాకా వచ్చి సాగనంపింది.

మంగళవారం తొమ్మిదింటికి వ్యాను గేటులోకి వచ్చింది. అంతకుముందే ఫౌండ్రీ డ్రైవరు వచ్చి ఇంజను ఆపకుండా కూర్చుని ఉన్నాడు. తనకి పదింటిదాకా వేళ లేదని చెబితే అలిగాడు. లారీ తిప్పాడు, గేటుదాకా పోయాడు, గేటు దగ్గర ఆపి, బయటికి దిగి టీ తాగడానికి వెళ్ళాడు. ఇన్నేళ్ళ భయం అంతేనా అనుకున్నాడు స్టోర్ కీపరు.

వాషర్లమ్మ దిగేసరికి ఇద్దరు హమాలీలు వ్యాను వెనక నిలబడి ఉన్నారు. పెట్టెలు దిగాయి. స్కానరు కుయ్యిమంది. ఆయన ఒక పెట్టె విప్పి, ఒక వాషరు వంచి చూసి, మూత పెట్టాడు. "సరిగ్గా ఉన్నాయండి," అన్నాడు. ఆ అండి నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. ఆవిడ ముఖం ఒక్క క్షణం అటు తిప్పుకుంది.

పనైపోయింది. వ్యాను డ్రైవరు ఇంకా ఇంజనైనా ఆపలేదు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇన్నాళ్ళూ వాళ్ళు మాట్లాడుకున్నదంతా సరుకు దిగేదాకా ఖాళీగా ఉన్న ఆ పొద్దులోనే. ఆవిడ భర్త సంగతి, కొత్త ప్రెస్సు సంగతి, ఆయన మోకాళ్ళ నొప్పులు, ఆయన భార్యకి పంపిన కబుర్లు. ఇప్పుడు ఆ పొద్దు లేదు. న్యాయం జరిగింది, చేసినది తనే, అయినా చేతిలోది ఏదో జారిపోయినట్టు ఆయనకి దిగులేసింది. అరల దగ్గర ట్రేలో మళ్ళీ రెండు సైజులూ కలిసిపోయి ఉన్నాయి. ఆవిడ అటు చూసింది గాని దగ్గరికి వెళ్ళలేదు.

"వెళ్ళొస్తాను అన్నయ్యా. ప్రెస్సు వేడి చేయించి వచ్చాను."

"ఊఁ. వెళ్ళమ్మా."

ఆవిడ వ్యానెక్కి తలుపు వేసుకుంది. ఆయన రెండడుగులు వేసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లమ్మా, ఆదివారం ఇంటికి రారాదూ? భోజనానికి. మా ఆవిడ కూడా అంటోంది."

ఆవిడ డ్రైవరుని ఆగమని సైగ చేసి ఆయన వైపు తిరిగింది. "ఎన్నింటికి రమ్మంటారు?"

ఆ ప్రశ్న ఆవిడ ఇదివరకెన్నడూ వెయ్యలేదు. ఎప్పుడైనా రావమ్మా, మన ఇల్లేగా అనే మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాడు.

"పన్నెండింటికి," అన్నాడు. "పన్నెండింటికి నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను."